నృత్యారాధనము – పాదసాధన



శ్రీ స్వామివారి సన్నిధిలో ఈ సాయంకాలము మనమందరము ఇట్లు కూడియుండుట వారి అనుగ్రహమే. ఇంతకుముందు ఈ వేదికపై మేము సంధ్యావందనమును గూర్చియు, రుద్రాధ్యాయమును గూర్చియు మాటలాడియున్నాము. ఈ దినము నృత్యమును గూర్చి, అందును నృత్యమునకు మొదలైన అడుగును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. వేదము చెప్పుకొన్నవానికి నృత్యముతో పని యేమి అని మీలో కొందరికి తోచవచ్చును. పని ఉన్నది. దానికి రెండు కారణములు.

మొదటి కారణము శాస్త్రమునకు సంబంధించినది. నాట్యము ఎట్లు పుట్టినదో భరతముని నాట్యశాస్త్రము మొదటి అధ్యాయమున చెప్పినాడు. బ్రహ్మదేవుడు ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసమును గ్రహించి నాట్యవేదమును కూర్చెనని ఆ కథ. అందుచేతనే నాట్యమును పంచమవేద మన్నారు. యజ్ఞశాలలో అధ్వర్యువు చేయు పనిని చూచినవారికి, యజుర్వేదమునుండి అభినయము వచ్చెనన్న మాటలోని ఔచిత్యము వెంటనే తెలియును. అతడు మంత్రము చెప్పుచు నడచును, వంగును, చేయి చాచును, స్రుక్కును ఎత్తును. ఆ కదలికలలో ఒక్కటియు అతని యిష్టమునకు విడిచినది కాదు. ఇష్టి చివర యజమానుడు విష్ణుక్రమములను పేరుతో వేయు అడుగులకు కూడ విధి ఉన్నది. అడుగునకు విధి యుండుట మన ధర్మములో క్రొత్త సంగతి కాదని చెప్పుటకే ఈ మాట.

రెండవ కారణము మన కన్నుల యెదుట ఉన్నది. మా వద్దకు ముహూర్తముల కొరకు వచ్చు తల్లిదండ్రులలో, పిల్లకు నాట్యవిద్యారంభమునకు మంచి దినము చూడుమని అడుగువారు ఇటీవల పెరిగినారు. చాల సంతోషము. కాని వారిలో అనేకులు అదే కూర్చునికలో గజ్జెపూజకు కూడ ముహూర్తము పెట్టుమందురు. రెండింటికి నడుమ ఎంత కాలము అని అడిగినచో ఆరు నెలలందురు. కొందరు నవరాత్రులలోపలనే కావలెనందురు. పిల్ల ఇంకను మొదటి అడుగు వేయలేదు. వేదిక ఎక్కవలసిన దినము మాత్రము నిర్ణయమై యుండవలెను! పంచాంగములో మంచి దినములు చాల ఉన్నవి. పిల్ల పాదము సిద్ధమైన దినము ఏదో పంచాంగములో ఉండదు. ఈ సంగతినే మీతో వివరముగా మనవి చేయదలచినాము.

మాతృక

నాట్యశాస్త్రములో నాలుగవ అధ్యాయమునకు తాండవలక్షణమని పేరు. పరమేశ్వరుని ఆజ్ఞచే తండువు భరతునకు నృత్తప్రయోగమును బోధించినట్లు అందున్నది. చేయియు పాదమును ఒకదానితో నొకటి కూడి కదలుట కరణము. అట్టి కరణములు 108. రెండు కరణములు చేరినచో దానికి నృత్తమాతృక అని పేరు. ఆరు మొదలు తొమ్మిది వరకు కరణములు చేరి అంగహారమగును. అంగహారములు 32.

మాతృక అను మాటను గమనింపుడు. మన అక్షరమాలకు కూడ శాస్త్రములలో మాతృక అనియే పేరు. అక్షరములు కూడి పదము, పదములు కూడి వాక్యము, వాక్యములు కూడి గ్రంథము అయినట్లే, కరణములు కూడి అంగహారములు, అంగహారములు కూడి తాండవము. అక్షరము రానివానిచేత మహాభారతము చదివించువారు లోకములో లేరు కదా!

అయితే కరణమును అన్నింటికి మొదటిది అనుకొనరాదు. కరణము క్రింద మరి మూడు ఉన్నవి. నిలుచు తీరు స్థానము. పాదము కదలు తీరు చారి. చేయి ఉంచు తీరు నృత్తహస్తము. ఈ మూడును కలిసియే కరణము. స్థానములను ఆరుగా చెప్పినారు: వైష్ణవము, సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము. అనగా శాస్త్రము మొదట కోరినది ఎగురుట కాదు, తిరుగుట కాదు, నిలుచుట. ఆ నిలుచుటకు సౌష్ఠవమని ఒక లక్షణమును చెప్పినారు. దేహము వణకరాదు, అతిగా నిక్కరాదు, అతిగా వంగరాదు, నడుము, చెవి, మోచేయి, భుజము, శిరస్సు తమ తమ సరిలో ఉండవలెను, వక్షఃస్థలము ఎత్తి యుండవలెను. అద్దము యెదుట నిలిచి ప్రయత్నించి చూడుడు. చెప్పుటకు రెండు వాక్యములు. నిలుపుటకు రెండు సంవత్సరములు.

నందికేశ్వరుని అభినయదర్పణము కూడ పాదమునకు ఇట్టి పెద్దపీటనే వేసినది. మండలములు 10, ఎగురుటలు 5, తిరుగుటలు 7, చారులు 8 అని పాదభేదములను వేరువేరుగా విడదీసి చెప్పినది. నర్తకికి ఉండవలసిన పది ప్రాణములను చెప్పునప్పుడు వేగముతోపాటు స్థిరత్వమును, జ్ఞాపకశక్తితోపాటు శ్రద్ధను, తిరుగు నేర్పుతోపాటు అలసట లేని తనమును కూడ చేర్చినది. ప్రాణములన్నారు, అలంకారములనలేదు. నగ లేకున్నను నర్తకి నర్తకియే. స్థిరత్వము లేనిచో కాదు.

శిలలు చెప్పు పాఠము

శాస్త్రమును తాళపత్రములలో వ్రాసి ఊరకుండలేదు మన పెద్దలు. ఆలయములలో శిలలపై నిలిపినారు. చిదంబరమున శ్రీ నటరాజస్వామివారి ఆలయ గోపురద్వారములలో కరణముల ప్రతిమలు వరుసగా ఉన్నవి. తంజావూరు బృహదీశ్వరాలయమును రాజరాజచోళుడు 1010వ సంవత్సరమున పూర్తి చేయించినాడు. ఆ విమానపు పై అంతస్తులో సాక్షాత్తు పరమశివుడే కరణములు చేయుచున్నట్లు చెక్కినారు. అవి 81 మాత్రమే ఉన్నవి. మిగిలిన 27 కరణములకు ఉంచిన రాళ్లు నేటికిని చెక్కకయే ఉన్నవి. వేయి సంవత్సరములుగా ఆ రాళ్లు వేచియున్నవి. మనము ఆరు నెలలు వేచియుండలేకున్నాము.

మన తెలుగుదేశమునకు వత్తము. ఓరుగల్లునకు సమీపమున పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున కట్టించిన రామప్పగుడిని చాలమంది దర్శించియుందురు. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గౌరవము కూడ లభించినది. అచ్చటి నల్లరాతి మదనికలను, నృత్యమూర్తులను చూచునప్పుడు అందరమును ముఖమును, నగలను చూతుము. ఈసారి పోయినప్పుడు పాదమును చూడుడు. ఏ పాదముపై బరువు ఉన్నదో, ఏ మోకాలు ఎంత వంగినదో, నడుము ఎటు తిరిగినదో చూడుడు. దేహభారము ఎచ్చట నిలుచునో శిల్పికి తెలిసియున్నది గనుకనే ఆ రాతిలో కదలిక కనబడుచున్నది. ఆ ఆలయము వెలసిన నలువది యేండ్లకు, కాకతి గణపతిదేవుని గజసేనానియైన జాయపసేనాని నృత్తరత్నావళిని రచించినాడు. అందు ఎనిమిది అధ్యాయములున్నవి. మొదటి నాలుగును మార్గమునకు, అనగా శాస్త్రసిద్ధమైన మూలమునకు. తరువాతి నాలుగును దేశికి, అనగా జనులలో వ్యాపించియున్న నృత్యములకు. దేశి యెడల ఆయనకు ప్రీతి తక్కువ కాదు. అయినను పునాదిని ముందుంచి, పిదపనే మేడను చూపినాడు. ఏనుగులకు శిక్షణ యిప్పించు సేనాపతికి క్రమము విలువ తెలియదా!

అడుగులు – కాలములు

ఇప్పుడు మన పిల్లలు నేర్చుచున్న కూచిపూడి సంగతి. కృష్ణాజిల్లాలో మొవ్వకు చేరువగా ఉన్న ఆ గ్రామమున శ్రీ బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామివారు వెలసియున్నారు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూర్చి ఆ యూరి బ్రాహ్మణ బాలురకు నేర్పెననియు, ఆ కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును జీవితములో ఒక్కసారియైన సత్యభామ వేషము ధరింపవలెనని నియమించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. తరువాతి కాలమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి పెద్దలు ఆ విద్యను స్త్రీలకు కూడ నేర్పినారు. వెంపటి చినసత్యంగారు (1929–2012) 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, అభ్యాసపు అడుగులను ఒక వరుసలో తీర్చి, ఎందరో బాలబాలికలను తయారుచేసినారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) స్త్రీవేషము కట్టి సత్యభామగా నడచివచ్చినప్పుడు, ఆ నడకను చూచినవారు పురుషుడు నడచుచున్నాడని నమ్మలేకపోయెడివారు. ఆ నడక వేషముతో వచ్చినది కాదు. చిన్ననాటినుండి చేసిన సాధనతో వచ్చినది.

మరియొక ధారను కూడ స్మరింపవలెను. మన ఆలయములలో తరతరములుగా నృత్యసేవ చేసిన స్త్రీలు ఈ విద్యను తమ దేహములయందే భద్రపరచినారు. ఆ వ్యవస్థలో వారి జీవితములకు జరిగిన అన్యాయము మరువరానిది. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీలుగా అర్పించుటను చట్టము నిషేధించినది, అది న్యాయమే. కాని వారి విద్య గౌరవింపదగినది. నటరాజ రామకృష్ణగారు (1923–2011) అట్టి వృద్ధకళావతులను వెదకి, వారివద్దనున్న విద్యను సేకరించి ఆంధ్రనాట్యమను పేరుతో లోకమునకు అందించినారు. మన పిల్ల వేయు ప్రతి అడుగు వెనుక ఇట్టివారి శ్రమ ఉన్నది. దానిని తేలికగా వాడుకొనరాదు.

మొదటి దినములలో గురువు ఏమి నేర్పును? అరమండి. మడమలు దగ్గరగా, పాదాగ్రములు చెరియొక వైపునకు, మోకాళ్లు పాదములు చూచు దిక్కునకే వంగి, వెన్ను నిటారుగా ఉండవలెను. ఆ నిలుకడ వచ్చిన పిదప తట్టు, అనగా పాదతలమంతయు నేలకు సమముగా తాకించుట. పిదప మెట్టు, అనగా మునివేళ్లపై నిలిచి మడమను వేయుట. ఇట్టివి కూడి అడవు అగును. వనములను కూడ మనము అడవులందుము గాని, ఈ అడవులు వేరు. అయినను దారి తెలియనివాడు రెండింటిలోను తప్పిపోవును. అడవునకు తాళము తోడు. మూడు మాత్రల తకిట, నాలుగు మాత్రల తకధిమి, అయిదు మాత్రల తకతకిట, ఏడు మాత్రల తకిటతకధిమి, తొమ్మిది మాత్రల తకధిమితకతకిట. ఒక్కొక్క అడవును మూడు కాలములలో చేయవలెను. రెండవ కాలము మొదటిదానికి రెట్టింపు. మూడవది నాలుగు రెట్లు.

చూచువారికి మూడవ కాలమే కష్టమని తోచును. గురువులను అడిగినచో మొదటి కాలమే కష్టమందురు. వేగములో తప్పు దాగును. నిదానములో దాగదు. నిదానముగా వేసిన అడుగులో పాదము సమముగా పడినదో లేదో, చూపు చేతిని అనుసరించినదో లేదో, నడుము కదలినదో లేదో అన్నియు బయటపడును. అందుచేతనే తెలిసిన గురువు మొదటి కాలమును వదలడు. పిల్లకు విసుగు, తల్లికి తొందర. గురువు చేతికర్ర మాత్రము చెక్కపై అదే నిదానముతో మ్రోగుచుండును. ఇత్తడి పళ్లెపు అంచుపై నిలిచి, తలపై నీటిచెంబుతో తరంగము ఆడు నర్తకిని చూచి మనము చప్పట్లు కొట్టుదుము. ఆమె ఆ పళ్లెమెక్కుటకు ముందు ఎన్ని సంవత్సరములు వట్టినేలపై మొదటి కాలము చేసినదో ఆ చప్పట్లు లెక్కింపవు.

సంత – సాధన

ఈ క్రమము మాకు పరాయిది కాదు. మేము బాల్యమున పాఠశాలలో చేరినప్పుడు గురువుగారు మాకు మొదట అర్థము చెప్పలేదు. సభలో స్వస్తి చెప్పుటకు పంపలేదు. శిష్యుని తలపై చేయి ఉంచి, అనుదాత్తమునకు క్రిందికి, స్వరితమునకు పైకి ఆ తలను త్రిప్పుచు స్వరమును దేహమునకు నేర్పినారు. శుక్లయజుర్వేదులు చేతి కదలికతోను, సామవేదులు వ్రేళ్ల కణుపులపై బొటనవ్రేలు ఉంచుచును స్వరమును నిలుపుకొందురు. చూచితిరా, వేదము కూడ మొదట దేహములోనికే దిగినది! గురువుగారు ఒకసారి చెప్పిన దానిని మేము రెండుసార్లు చెప్పవలెను. అది సంత. సంత ముగిసిన పిదప వల్లె. ఎండాకాలమున అరుగుపై కూర్చుండి ఒకే పనసను వల్లెవేయుచు, ఆటలాడు తోటి బాలురవైపు చూచుచు మేమును విసుగుకొన్న దినములున్నవి. పసితనములో ఎవరికైనను అది సహజము.

ఆ వల్లె యొక్క ఫలము చాల కాలమునకు గాని తెలియదు. సంహితపై పదము, పదముపై క్రమము, క్రమముపై జట, జటపై ఘన నిలుచును. ఘనలో రెండు పదములను ముందుకును వెనుకకును చెప్పి, మూడవదానిని చేర్చి, మరల వెనుకకు మరలి, మరల ముందుకు రావలెను. పదములు నాలుకపై స్థిరపడని వానికి అది అసాధ్యము. స్థిరపడిన వానికి నాలుక తన పని తాను చేయును. మనస్సునకు తీరిక దొరకును. ఆ తీరికలోనే దేవత కనబడును. నాట్యమునందును ఇంతే. చేయి పోయిన చోటికి చూపును, చూపు పోయిన చోటికి మనస్సును, మనస్సును వెంబడించి భావమును, భావమును వెంబడించి రసమును వచ్చునని అభినయదర్పణకారుని భావము. పాదము ఎక్కడ పడునో అని మనస్సు క్రిందనే కాపలా కాయుచున్నచో, అది చేయితో ఎట్లు పోగలదు? స్వామివైపు ఎట్లు పోగలదు? అభ్యాసము భక్తికి అడ్డు అని కొందరందురు. అభ్యాసము లేకపోవుటయే భక్తికి అడ్డు.

దేహమును కాపాడుకొనుట

ఇప్పుడు చెప్పబోవునది తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన మాట. మా యెరుకలోని ఒక కుటుంబములో ఒక బాలిక ఎనిమిదవ యేట నాట్యము మొదలిడినది. మంచి చురుకైన పిల్ల. ఏడాదిలోనే ఊరూర కార్యక్రమములు, పతకములు, పత్రికలో చిత్రములు. మోకాలు పాదమునకు సరిగా వంగుచున్నదా అని చూచుటకు ఎవరికిని తీరిక లేకపోయినది. రాతిపలకల నేలపై గంటలకొలది అడుగులు వేసినది. పదునాలుగవ యేటికి మెట్లు దిగునప్పుడు గోడ పట్టుకొనవలసి వచ్చినది. వైద్యులు ఆడవద్దనినారు. ఇప్పుడు ఆ గజ్జెలు పూజగదిలో ఒక మూల ఉన్నవి. ఆ బిడ్డ వాటివైపు చూడదని ఆమె నాయనమ్మ మాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఎవరినో నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఆ పిల్లకు నాట్యమన్న ప్రాణము. ఆ ప్రాణమును తొందర హరించినది.

మహర్షులు దీనిని యెరుగనివారు కారు. భరతముని చారులను చెప్పిన అధ్యాయమునందే వ్యాయామమును గూర్చి కూడ చెప్పినాడు. దేహమునకు నూనెతోగాని యవల గంజితోగాని మర్దన చేసికొని అభ్యసింపుమన్నాడు. ఆహారము ప్రాణమునకు ఆధారము, అభ్యాసము ప్రాణమునకు లోబడినది, కావున ఆహారమునందు శ్రద్ధ వహింపుమన్నాడు. మిక్కిలి అలసినవారు, ఆకలిదప్పులతో నున్నవారు, అతిగా తిన్నవారు, అతిగా త్రాగినవారు అభ్యసింపరాదన్నాడు. బడినుండి అలసి వచ్చిన బిడ్డకు ఒక బిస్కట్టు చేతిలో పెట్టి, నేరుగా నాట్యమునకు పంపి, అచ్చటినుండి ట్యూషనుకు పంపుచున్న మనము ఈ నియమములలో దేనిని పాటించుచున్నాము?

నేలను గూర్చియు ఒక మాట. పూర్వము అభ్యాసము మట్టినేలపై, పేడతో అలికిన వాకిళ్లలో జరిగెడిది. మట్టి పాదముయొక్క దెబ్బను కొంత తాను గ్రహించును. సిమెంటును, చలువరాయియు గ్రహింపవు. ఆ దెబ్బ మడమనుండి మోకాలికి, మోకాలినుండి నడుమునకు తిరిగి వచ్చును. ఎదుగుచున్న పిల్లల ఎముకలు ఇంకను లేతవి. నాట్యమునకు ముందు భూదేవికి నమస్కరించి, పాదములతో తాకుచున్నందుకు క్షమింపుమని వేడుకొందుము కదా! ఆమెకు నొప్పి కలిగింపకుండ పాదము వేయుట నేర్చినవానికి తన మోకాలికిని నొప్పి కలుగదు. ఈ కాలమున కొందరు పిల్లలు సెల్‌ఫోనులో చూచి అడుగులు నేర్చుకొనుచున్నారని విన్నాము. దూరదేశములలో గురువు దొరకనివారికి అది కొంత ఆసరా కావచ్చును. కాని చిత్రములో అడుగు కనబడును, బరువు కనబడదు. మోకాలిని చేతితో పట్టి సరిదిద్దుటకు గురువే కావలెను.

ఒక ప్రశ్న

ఒక భక్తుడు మమ్ము అడిగినాడు: "అయ్యా, స్వామికి కావలసినది భక్తియే గాని అడవుల లెక్కయా? పసిబిడ్డ వచ్చీరాని అడుగులు వేసిన స్వామి సంతోషింపడా?" మంచి ప్రశ్న. తప్పక సంతోషించును. ఇంట దేవుని మందసము యెదుట మూడేండ్ల పిల్ల చేతులు త్రిప్పుచు ఆడినచో, ఆ ఆటకు ఏ శాస్త్రమును అక్కరలేదు. ఆ పిల్లను ఆపువాడు మూఢుడు.

అయితే ఆలయములో చేయు నృత్యము ఉపచారము. ఛత్రము, చామరము, గీతము, వాద్యము, వీటితోపాటు నృత్యమును కూడ రాజోపచారములలో చేర్చినారు. ఉపచారమునకు సిద్ధత కావలెను. ఇంట పిల్ల ఆకలికి తినుచున్న అటుకులను చూచి కృష్ణుడు సంతోషించునని, మహానివేదనకు ఉడికీ ఉడకని అన్నమును తెచ్చి పెట్టుదుమా? వంటవాడు మడి కట్టుకొని, బియ్యము కడిగి, ఎసరు చూచి, వార్చి, అప్పుడు గదా తెచ్చును! బిడ్డ యొక్క భక్తిలో లోపము లేదు. లోపమున్నచో తొందరపెట్టిన పెద్దలలో ఉన్నది. నిజము చెప్పవలెనన్న, ఆరు నెలలలో వేదిక ఎక్కించునప్పుడు మనము తలచుచున్నది స్వామినా, ముందువరుసలోని బంధువులనా? ఈ ప్రశ్నను ఎవరికి వారు వేసికొనవలెను.

గురువులను కూడ నిష్ఠురమాడరాదు. అనేకులు క్రమముగా నేర్పదలచినవారే. ఆరు నెలలలో వేదిక ఎక్కింపనిచో తల్లిదండ్రులు పిల్లను మరియొకచోటికి తీసికొనిపోవుదురు. ఆయన ఇల్లు గడువవలెను. కావున క్రమమును కాపాడవలసిన భారము సగము మన మీదనే ఉన్నది.

మా మనవి

మేము మూడు మనవులు చేయదలచినాము.

మొదటిది తల్లిదండ్రులకు. విద్యారంభమునకు ముహూర్తము మేము సంతోషముతో పెట్టెదము. గజ్జెపూజకు మాత్రము గురువుగారు స్వయముగా వచ్చియో, కబురు పంపియో పిల్ల సిద్ధమైనదని చెప్పినప్పుడే పెట్టెదము. తల్లిదండ్రులు అడిగినచో పెట్టము. దీనికి ఎవరును కోపగింపవలదు. గురువును కలిసినప్పుడు వేదిక ఎప్పుడు అని అడుగక, మొదటి అడవు ఎన్ని కాలములలో నిలిచినదని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న మారినచో చాల మారును.

రెండవది మన ఆలయ ధర్మకర్తలకు. సాయంకాలము పిల్లలు అభ్యసించు మండపములో రాతినేలపై కొయ్యపలకలను పరపించినచో ఎందరో బిడ్డల మోకాళ్లను కాపాడిన పుణ్యము కలుగును. ఒక దినపు పూలపందిళ్ల వ్యయమును తగ్గించియైనను ఈ పని చేయదగినది.

మూడవది నవరాత్రులను గూర్చి. క్రొత్తగా నేర్చుచున్న పిల్లలను నిరాశపరచవలదు. ప్రతిదినము సాయంసంధ్య హారతికి ముందు పావుగంట వారికి ఇయ్యవలెను. వేషము వలదు, రంగు వలదు, నగలు వలదు, గజ్జెలు వలదు. శుభ్రమైన బట్టలు కట్టుకొని, తాము నేర్చిన నాలుగు అడవులనే, మొదటి కాలములోనే, స్వామి యెదుట చేయుదురు గాక. ప్రేక్షకులు వారి వెనుక కూర్చుండవలెను, ఎదుట కాదు. పిల్ల స్వామిని చూచుచు అడుగు వేయును. అక్షరములు నేర్చిన బిడ్డ పలకను తెచ్చి తాతకు చూపినట్లుండును. అది ప్రదర్శన కాదు, సేవ. అందులో లోపమున్నను స్వామి దిద్దుకొనును.

నూట ఎనిమిది కరణములలో మొదటిదాని పేరు తలపుష్పపుటము. రెండు చేతులను పూలదోసిలిగా పట్టి, ఒక ప్రక్కకు తెచ్చి, పాదమును మునివేళ్లపై ఉంచి నిలుచుట. చివరిదాని పేరు గంగావతరణము. పూలు సమర్పించుటతో మొదలై, ఆకాశగంగ దిగివచ్చుటతో ఆ వరుస ముగియుచున్నది. నడుమ నూట ఆరు మెట్లు ఉన్నవి. ఏ మెట్టును దాటవేసి గంగను రప్పించినవారు లేరు. భగీరథుని తపస్సు ఎంత కాలము సాగినదో మీరెరుగనిది కాదు.

మన బిడ్డలకు ఆ ఓర్పును, వారి గురువులకు ఆ స్వేచ్ఛను, మనకు ఆ వివేకమును శ్రీ స్వామివారు ప్రసాదింతురు గాక. హారతికి వేళయైనది. అందరును లేచి స్వామిని సేవింపుడు.

స్వస్తి.